కాశీలో వదిలిన పెట్రోలు

“...పెళ్ళికూతురైనా దిగాల్సిందేనండీ మామ్మగారూ, ప్రెసిడెంటుగారి కూతురైనా దిగాల్సిందే. అదుగో, బోర్డు మీద రాసుంది చూడండి.”

“ఆ బోర్డు రాసినోడికి ఆడపిల్లలు లేరేమో. ఇది అప్పగింతలైన పిల్ల. అత్తగారి గడపలో కాలు పెట్టేదాకా మధ్యదారిలో నేల తొక్కకూడదు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ తొక్కలా.”

“మీ ఇంట్లో ఇంతవరకు ఎవరైనా గ్యాసు కారులో అత్తారింటికి వెళ్ళారా?”

మాణిక్యమ్మ డ్రైవరు సీటు వైపు చూసింది. అక్కడ ఆమె కొడుకు బుల్లయ్య స్టీరింగు పట్టుకుని, ఎదురుగా ఉన్న గ్యాసు మిషన్ని గర్భగుడిలోకి చూసినట్టు చూస్తున్నాడు. పక్క సీట్లో పెళ్ళికొడుకు శివరామకృష్ణ నుదుటి బాసికం సర్దుకుంటున్నాడు. వెనక సీట్లో పెళ్ళికూతురు అనూషకు ఒకవైపు అమ్మమ్మ మాణిక్యమ్మ, రెండోవైపు బుల్లయ్య భార్య పిచ్చమ్మ. పిచ్చమ్మ ఒళ్ళో అరిసెల బుట్ట, బుట్ట మీద లడ్డూల డబ్బా. డిక్కీలో సిలిండరు ఉంది కాబట్టి, ఆ కారులో సారె ఎప్పుడూ మనుషుల ఒళ్ళోనే ప్రయాణం చేస్తుంది.

అద్దం దగ్గర నిలబడి మాట్లాడుతున్న అమ్మాయి పేరు దేవకుమారి. బంకు యూనిఫారం, మెడలో కార్డు. గ్యాసు పట్టేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదన్న నియమాన్ని రోజుకు రెండు వందల సార్లు చెప్పడం ఆమె ఉద్యోగం. ఇది డెబ్బై మూడోసారి.

గడియారం పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చీరాల ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు. గృహప్రవేశం పదకొండు నలభై లోపల జరగాలి. ఆ తర్వాత వర్జ్యం, వర్జ్యం వెనకాలే రాహుకాలం. ఆ వేళ దాటితే సాయంత్రం ఆరింటి దాకా కొత్త జంటను వాకిట్లో కూర్చోబెడతామని పెళ్ళికొడుకు తల్లి ముందే ఫోన్లో చెప్పింది. చాలా మర్యాదగా చెప్పింది. అందుకే అందరికీ భయం పట్టుకుంది.

ఆడపెళ్ళివారి బస్సు గంట క్రితమే చీరాల చేరింది. పిల్లను ఆ బస్సులోనో, మెకానిక్కు సుభానీ తెస్తానన్న డీజిలు కారులోనో పంపుదామని అందరూ అన్నారు. “మేనమామను నేనుండగా నా మేనకోడలు ఇంకొకరి బండెక్కుద్దా?” అన్నాడు బుల్లయ్య. ఎక్కలేదు.

*

బుల్లయ్యది ప్రత్తిపాడు. యాభై ఎనిమిదేళ్ళు. పాతికేళ్ళు పత్తి, మిరప వేశాడు. నల్లతామర పురుగు వచ్చిన ఏడు మిరపతోట పూతతో సహా ముడుచుకుపోతే, ఇక పురుగు పట్టని వ్యాపారం చెయ్యాలనుకుని పాత కారొకటి కొని బాడుగలకు తిప్పడం మొదలెట్టాడు. మిర్చి యార్డుకు వెళ్ళే రైతులు, ఆసుపత్రికి వెళ్ళే రోగులు, పెదకాకాని వెళ్ళే మొక్కులవాళ్ళు అందరూ ఆయన కారే ఎక్కేవాళ్ళు. మనిషి మంచివాడు. నిజాయితీపరుడు. చెప్పిన టైముకు ఇంటి ముందు ఉంటాడు. చేరే టైము మాత్రం అడక్కూడదు.

ఎందుకంటే కారు కొన్న నెలలోనే బుల్లయ్యకు పురుగు ఎక్కడుందో తెలిసింది. ట్యాంకులో ఉంది. అది పెట్రోలు తాగుతుంది. ఆ రోజు నుంచి ఆయన కారు నడపడం మానేసి పొదుపు నడపసాగాడు. స్పీడు బ్రేకరు కనిపిస్తే ఫర్లాంగు ముందే ఇంజను ఆపేసేవాడు. పత్తి లోడు లారీ ఏదైనా దొరికితే దాని వెనకాలే గుంటూరు దాకా పోయేవాడు. ముందు లారీ ఉంటే గాలి తగలదు, గాలి తగలకపోతే ఖర్చు తగ్గుద్దని ఆయన లెక్క. ఎక్కినవాళ్ళు కనుబొమ్మల మీద దూది ఏరుకుంటూ దిగేవాళ్ళు. ఒకసారి నొప్పులు పడుతున్న మనిషిని తీసుకెళ్తూ కూడా స్పీడు నలభై దాటనివ్వలేదు. బిడ్డ ఆసుపత్రి గేటు దగ్గర పుట్టింది. “చూశారా, ఇక్కడిదాకా ఆగింది. అంత తొందరేం లేదు,” అన్నాడు బుల్లయ్య.

ఏసీ బటను మీద కుంకుమ బొట్టు పెట్టాడు. చూసినవాళ్ళు భక్తి అనుకున్నారు. ఎవరైనా నొక్కితే బొట్టు చెదురుతుందని, దొంగ వేలు పట్టిస్తుందని పిచ్చమ్మకు మాత్రమే తెలుసు.

అటువంటి మనిషి జీవితంలోకి గ్యాసు వచ్చింది. గుంటూరులో ఆటోలన్నీ గ్యాసుకు మారాయనీ, ఖర్చు సగానికి సగం తగ్గుతుందనీ విన్న రోజు బుల్లయ్యకు అన్నం సహించలేదు. వారం తిరక్కుండా ఊళ్ళో మెకానిక్కు సుభానీని వెంటబెట్టుకుని వెళ్ళి కిట్టు బిగించుకుని వచ్చాడు. డిక్కీ నిండా సిలిండరు. వెనక అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కరు.

ఊరు ఊరంతా దానికి బాంబు అని పేరు పెట్టింది. ఎదురింటి రోశయ్య పొద్దున్నే అరుగు మీద నుంచి పలకరించేవాడు.

“ఏరా బుల్లయ్యా, బాంబు బాగుందా?”

“బాగుందిరా. నీ బండి పొగకి మా గేదె దగ్గుతోంది, దాని సంగతి చూడు.”

పొగ విషయంలో బుల్లయ్య మాట అబద్ధం కాదు. టీ కొట్టు ముందు కారు ఆపి, భుజం మీది తెల్లతువ్వాలు సైలెన్సరుకు అడ్డం పెట్టి, అందరికీ తిప్పి చూపించేవాడు. మసి లేదు. ఆ తువ్వాలు వేసుకునే తిరిగేవాడు. సిలిండరుకు మూడేళ్ళకోసారి చేయించాల్సిన పరీక్ష తేదీ ఆయనకు తన పెళ్ళిరోజు కంటే బాగా గుర్తు. గ్యాసు మీద ఊళ్ళోవాళ్ళు చెప్పే ప్రతి అబద్ధానికీ ఆయన దగ్గర ఒక నిజం ఉండేది. బంకు దూరమనీ, వెళ్ళినా క్యూ అనీ, క్యూ అయ్యాక ఒక్కోసారి గ్యాసే ఉండదనీ ఎవరైనా అంటే మాత్రం అవి గ్యాసు తప్పులు కావు, తొందరపడే మనుషుల తప్పులనేవాడు. ఎక్కినవాళ్ళను బంకు దగ్గర దించి, ఎండలో నిలబెట్టి, “ఆరోగ్యానికి మంచిది, కాళ్ళు సాగుతాయి,” అని ధైర్యం చెప్పేవాడు. ఆ ధైర్యం తట్టుకోలేక కొందరు సుభానీ కొన్న డీజిలు కారుకు మారిపోయారు.

ఇంతవరకు అయితే బుల్లయ్య నలుగురిలో ఒక పొదుపరి. ఆయన్ను చరిత్రపురుషుణ్ణి చేసింది కాశీ.

కిందటి కార్తీకంలో ఊరి నుంచి పన్నెండు మంది కాశీ వెళ్ళారు. గంగలో మునిగాక ఇష్టమైన కాయో, పండో అక్కడ వదిలేసి రావాలి, బతికినంతకాలం మళ్ళీ ముట్టకూడదు. వెళ్ళినవాళ్ళంతా రైల్లోనే బాగా ఆలోచించుకున్నారు. ఇష్టమైనది ఏదో తేలితే దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి, రెండోది వదలాలని. రోశయ్య వంకాయ వదిలాడు. ఆయనకు వంకాయ కూరంటే పడదు. పిచ్చమ్మ జామపండు వదిలింది. ఆమెకు పళ్ళు కదులుతున్నాయి.

బుల్లయ్య వంతు వచ్చింది. పంతులుగారు ఏం వదులుతున్నారని అడిగారు.

“పెట్రోలండీ.”

పంతులుగారు నలభై ఏళ్ళుగా ఆ ఘాటులో ఉన్నారు. ఆనపకాయ నుంచి అనాసపండు దాకా అన్నీ వదిలించారు. “అది కాయా, పండా?” అని అడిగారు.

“ఖర్చండీ,” అన్నాడు బుల్లయ్య.

పంతులుగారి వెనక ఇంకో అరవై మంది నిలబడి ఉన్నారు. ఆయన సంకల్పం చెప్పించేశారు.

ఊరికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. గ్యాసు బండి కూడా పొద్దున్నే లేవాలంటే కాస్త పెట్రోలు తాగి లేస్తుంది. ఇంజను వేడెక్కాకే గ్యాసుకు మారుతుంది. బుల్లయ్య సుభానీ షెడ్డుకు పోయి విషయం చెప్పాడు.

“కాశీలో వదిలింది నువ్వా, కారా?” అన్నాడు సుభానీ.

“కారు నాదే కదరా.”

“అయితే కారును కూడా గంగలో ముంచాల్సింది.”

“ఎగతాళి వద్దు. చుక్క పెట్రోలు లేకుండా లేచే దారి చూడు.”

దారి ఉంది. ఎప్పుడైనా పెట్రోలు అయిపోతే పనికొస్తుందని కిట్టుకు ఒక మీట పెట్టారు. దాన్ని అలా నొక్కిపట్టి తాళం తిప్పితే బండి నేరుగా గ్యాసు మీద లేస్తుంది. అది అత్యవసరానికి. బుల్లయ్య రోజూ పొద్దున్నే అత్యవసరంలో ఉండేవాడు.

“ట్యాంకు ఎండబెడితే లోపల పెట్రోలు తోడే మోటారు కాలిపోద్ది బాబాయ్,” అని సుభానీ చివరి ప్రయత్నం చేశాడు.

“కాలకుండా ఏం చెయ్యాలి?”

సుభానీ వెనక సీటు ఎత్తి, మోటారుకు వెళ్ళే వైరు ఊడదీసి, చుట్టి, పక్కన పెట్టాడు. “ఇదుగో, ఇక్కడే ఉంటుంది. బుద్ధొచ్చినప్పుడు నువ్వే తగిలించుకో. ఎర్ర క్లిప్పు.”

బుల్లయ్య నాలుగు నెలలు ట్యాంకు మూత తియ్యలేదు. ఆ నాలుగు నెలల్లో ఆయన ధర్మం కూడా ముదిరింది. ఒకరోజు బజారులో రోశయ్య వంకాయ బజ్జీ తింటూ దొరికాడు.

“ఏంరా, కాశీలో వదల్లా?”

“నే వదిలింది కూర. ఇది బజ్జీ.”

“దేవుడి దగ్గర సందులు వెతక్కూడదురా రోశయ్యా. మాట అంటే మాటే.”

ఈ మాట ఊళ్ళో బాగా తిరిగింది. బుల్లయ్య కారును కాదని సుభానీ కారెక్కినవాళ్ళు కూడా, మాట మీద నిలబడితే బుల్లయ్యలాగా నిలబడాలి అనేవాళ్ళు. దూరం నుంచి.

*

ఇక ఈ రోజు సంగతి. చీరాల చేరడానికి చాలినంత గ్యాసుతోనే బుల్లయ్య బయల్దేరాడు. ఎంత కావాలో గ్రాములతో సహా తెలుసు ఆయనకు. తెలియనిదల్లా పెళ్ళికొడుకు ముక్కు సంగతి.

ప్రత్తిపాడు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా మిరప కల్లాలు. ఎర్రగా, కంటికెదురుగా అర మైలు పొడవున ఆరబోసి ఉన్నాయి. అద్దాలు దించి ఉన్నాయి. శివరామకృష్ణ పుట్టింది చీరాలలో అయినా ఎనిమిదేళ్ళుగా హైదరాబాదు ఆఫీసులో ఉంటున్నాడు. మొదటి కల్లం దగ్గర తుమ్మాడు. మూడో కల్లం దగ్గర తుమ్మడం ఆపలేకపోయాడు. పదకొండోసారి తుమ్మినప్పుడు బాసికం ఊడి గేరు రాడ్డు మీద పడింది.

“ఏమనుకోకండి బాబాయిగారూ,” అని అద్దాలెత్తి, బొట్టు పెట్టి ఉన్న బటను నొక్కాడు.

అల్లుడు. ఇంకా పన్నెండు గంటల వయసు కూడా లేని అల్లుడు. బుల్లయ్య ఏమంటాడు? చెదిరిన కుంకుమ వైపు ఒకసారి చూసి, ఆ తర్వాత నలభై నిమిషాల పాటు గ్యాసు ముల్లు వైపే చూశాడు. కారులో హాయిగా చల్లటి గాలి వస్తుంటే ఒక్క ఆయనకే చెమట పట్టింది. పర్చూరు దాటేసరికి ముల్లు పడుకుంది.

అందుకే ఈ బంకు.

క్యూలో తొమ్మిది ఆటోలున్నాయి. కారుకు కట్టిన బంతిపూల దండలు చూసి ఆటోవాళ్ళు తమంతట తామే పక్కకు జరిగి దారిచ్చారు. వరసలో ముందున్న ఆటో డ్రైవరు ఆదాం అయితే “పెళ్ళివారిని పోనీండెహె” అని అందరి మీదా అరిచాడు. అంతా సవ్యంగా జరిగింది, దేవకుమారి వచ్చి దిగమనేదాకా.

“పోనీ నేను ఎత్తుకుంటాను,” అన్నాడు శివరామకృష్ణ.

“గడప దాటకముందే? పదిమందిలో? నోర్ముయ్ నాయనా,” అంది మాణిక్యమ్మ. “ఒరేయ్ బుల్లయ్యా, మేనమామవి, నువ్వు దింపు దాన్ని.”

“చెప్పులేసుకున్నా కదా అమ్మమ్మా, నేల తగలదు,” అంది అనూష.

“ఆ చెప్పులు ఎక్కడుంటాయే? ఆకాశంలోనా?”

కుర్చీ దొరుకుతుందా అని పిచ్చమ్మ అడిగింది. బంకులో కుర్చీ ఒక్కటే ఉంది. అందులో మేనేజరుగారు ఉన్నారు. ఆయన లేవాలని ఏ బోర్డు మీదా రాసిలేదు.

బుల్లయ్య తువ్వాలు నడుముకు బిగించి, వెనక తలుపు తెరిచి, మేనకోడల్ని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. పట్టుచీర, నగలు, పూలజడ, వీటన్నిటి మధ్య ఎక్కడో పిల్ల. పసుపుగీత అవతల దాకా పదిహేను అడుగులు నడిచి నిలబడ్డాడు. వెనకాలే మాణిక్యమ్మ, అరిసెల బుట్టతో పిచ్చమ్మ, లడ్డూల డబ్బాతో పెళ్ళికొడుకు. తొమ్మిది ఆటోల జనం ఫోన్లు బయటికి తీశారు.

“రాత్రి బుట్టలో మండపానికి మోసుకెళ్ళినప్పుడు ఇంత బరువు లేవే,” అన్నాడు బుల్లయ్య.

“రాత్రి బుట్టకు నలుగురు పట్టారు మామయ్యా.”

దేవకుమారి నాజిల్ తగిలించింది. మిషను గుర్రుమంది. మీటరు సున్నా పాయింటు ఒకటి చూపించింది. సున్నా పాయింటు రెండు చూపించింది. మిషను గుర్రు ఆపింది.

“ప్రెషర్ పడిపోయిందండీ,” అంది దేవకుమారి. “గ్యాసు లారీ రావాలి.”

“ఎప్పుడొస్తది?”

“గుంటూరులో బయల్దేరిందంట. గంట పట్టుద్ది.”

ఆటోవాళ్ళు ఇంజన్లు ఆపేసి బీడీలకని రోడ్డు అవతలికి వెళ్ళిపోయారు. వాళ్ళకిది అలవాటే. టైము పదకొండూ ఎనిమిది. ఆ ఎక్కిన గ్యాసుతో నాలుగు కిలోమీటర్లు పోవచ్చు. ఇంకా పద్నాలుగు మిగులుతాయి.

పది అడుగుల దూరంలో పెట్రోలు మిషను ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. క్యూ లేదు, పసుపుగీత లేదు, దిగమనే బోర్డు లేదు. అందరూ దాని వైపు చూశారు, తర్వాత బుల్లయ్య వైపు చూశారు. బుల్లయ్య మాత్రం రోడ్డు వైపు చూశాడు, గ్యాసు లారీ గుంటూరు నుంచి ఈలోపే ఎగిరివస్తుందేమోనన్నట్టు.

ముందు మాణిక్యమ్మ అందుకుంది. “ఒరేయ్, కాశీ విశ్వేశ్వరుడికి నీ పెట్రోలెందుకురా? ఆయనకు నందుంది.”

“ఇచ్చిన మాట అమ్మా.”

“వదిలింది నువ్వయ్యా,” అంది పిచ్చమ్మ. “నేను జామపండే వదిలా. పెట్రోలు నేను పోయిస్తా. నా పేరు మీద. నీకేం సంబంధం లేదు, నువ్వు అటు తిరిగి నిలబడు.”

“నేనసలు కాశీయే వెళ్ళలేదు బాబాయిగారూ,” అన్నాడు శివరామకృష్ణ డబ్బా చంకలో పెట్టుకుని ఫోను తీస్తూ. “నేను కడతాను. కావాలంటే మీరు పక్క సీట్లో కూర్చోండి, బండి కూడా నేనే నడుపుతాను. అప్పుడు దోషం నాకే.”

“మంచి మాట,” అంది మాణిక్యమ్మ. అల్లుడి మీద ఆమెకు ఆ రోజు కలిగిన మొదటి సదభిప్రాయం అది.

బుల్లయ్య మోచేతుల దగ్గర వణుకు మొదలైంది. మెడలోని నరం ఉబ్బింది. అయినా పిల్ల కాళ్ళు కిందికి జారకుండా మోకాలు కాస్త ముందుకు పెట్టి ఆనించాడు.

“మామయ్యా, నీ చేతులు వణుకుతున్నాయి,” అంది అనూష మెల్లిగా. “దింపెయ్. నేను సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుంటాలే. నీ మాట పోనివ్వకు.”

చీరాల నుంచి ఫోను వచ్చింది. శివరామకృష్ణ తీశాడు. అవతల వాళ్ళమ్మ గొంతు అందరికీ వినిపించింది. హారతి పళ్ళెం కలిపి పెట్టామని, ఎక్కడిదాకా వచ్చారని మర్యాదగా అడుగుతోంది. అతను బుల్లయ్య ముఖం చూసి, వస్తున్నామమ్మా అని పెట్టేశాడు.

“ఏం చేద్దామయ్యా? నా పేరు మీద పోయించనా?” అంది పిచ్చమ్మ.

“వంకాయ బజ్జీలొద్దు,” అన్నాడు బుల్లయ్య.

మేనకోడల్ని కాస్త పైకి ఎగదోసి పట్టుకుని, కారు దగ్గరికి నడిచి, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి, చీర కుచ్చెళ్ళు తలుపులో పడకుండా సర్దాడు. చేతులు దులుపుకున్నాడు. తర్వాత పెళ్ళికొడుకు వైపు తిరిగి, దేవకుమారికి వినిపించేలా, రోడ్డు అవతల బీడీలు కాలుస్తున్న ఆటోవాళ్ళకు కూడా వినిపించేలా చెప్పాడు.

“అబ్బాయ్, వెనక సీటెత్తు. కింద ఎర్ర క్లిప్పు వైరుంటుంది, తగిలించు. అమ్మా దేవకుమారీ, ఆ పెట్రోలు పైపు ఇటు తే. నా బండికి నేనే పోయించుకుంటున్నా. ఫుల్ ట్యాంకు.”